విక్కా, డ్రూయిడ్రీ ఒకటేనా? జూన్ 21కి స్టోన్‌హెంజ్‌కి రమ్మంటున్నారు

రెడింగ్_పిల్ల:

అందరికీ నమస్తే. ప్రశ్న కాస్త వింతగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. గూగుల్‌లో వెతికితే ఉన్న అయోమయం రెట్టింపైంది.

నేను ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాను. ఒక ఇంట్లో మేడ మీద గది అద్దెకి తీసుకున్నాను. ఇంటావిడకి అరవై దాటాయి. చాలా మంచి మనిషి, నా ఇంగువ పోపు గురించి ఇంతవరకు ఒక్క మాట అనలేదు. ఆవిడ మెడలో వెండి గొలుసు, దానికి గుండ్రటి చుట్టులో ఐదు కోణాల నక్షత్రం ఉంటుంది. హాల్లో చిన్న బల్ల మీద కొవ్వొత్తులు, గిన్నెలో ఉప్పు, నల్ల పిడి ఉన్న కత్తి. తను విక్కన్, అంటే విక్కా అనే మతం పాటించే మనిషి అని నేను చేరిన మొదటి వారంలోనే చెప్పేశారు.

ఇటు ఆఫీసులో మా టీమ్‌లో ఒకాయన తను డ్రూయిడ్ అంటాడు, పాతకాలంలో బ్రిటన్, ఐర్లండ్ వైపు ఉన్న కెల్టుల పూజారుల పేరట అది. వాళ్ళ దారి డ్రూయిడ్రీ. జూన్ 21 తెల్లవారుజామున స్టోన్‌హెంజ్ అనే పాతకాలపు పెద్ద రాళ్ళ వలయం దగ్గర సూర్యోదయం చూడ్డానికి వెళ్తున్నాం, నువ్వూ రా, మీ అమ్మగారు ఆ టైమ్‌కి ఇక్కడే ఉంటే ఆవిడనీ తీసుకురా అన్నాడు. ఇంటికొచ్చి ఆవిడని అడిగాను, మీరూ వస్తున్నారా అని. నవ్వేసి, "అది వాళ్ళ సంబరం. మాది మా ఇంట్లో, మా వాళ్ళతో. నిన్ను పిలవలేను, తప్పుగా అనుకోకు" అన్నారు.

ఇద్దరూ అదే రోజు పండగ చేసుకుంటారు. ఏడాదికి ఎనిమిది పండగలు అని ఇద్దరూ చెప్తారు. కానీ ఆవిడ జూన్ పండగని లీథా అంటారు, ఆయన ఆల్బన్ హెవిన్ అంటాడు. మరి ఇవి ఒక మతంలో రెండు శాఖలా, వేరే వేరే మతాలా? ఒకళ్ళు బయటివాళ్ళని రమ్మంటున్నారు, ఇంకొకళ్ళు పిలవలేనంటున్నారు. ఎందుకలా?

అసలు టెన్షన్ అమ్మతో. మే నెలలో ఖమ్మం నుంచి వస్తోంది. వీడియో కాల్‌లో ఆ బల్ల కనిపించింది. "ఆ కత్తేంటే? చేతబడి చేసే ఇల్లా అది?" అని అప్పటి నుంచి రోజూ అదే పాట. అమ్మకి ఏం చెప్పాలి?

గుంటూరు_ఘాటు:

రెండూ ఒకటేనండీ, క్షుద్రపూజలు. పేరు మార్చుకుని స్టైల్‌గా చేస్తారు. ఇల్లు మారిపోండి, అద్దె రెండొందలు ఎక్కువైనా పర్లేదు.

పుల్లట్టు:

ఘాటు గారూ, ఇల్లు మారమని చెప్పడం తేలికే. ఇంగువ పోపుని భరించే ఇంటావిడ ఈ దేశంలో మళ్ళీ దొరకాలి కదా.

రెడింగ్ అమ్మాయి గారూ, ముందు మీ అమ్మగారి సంగతి చూద్దాం. చేతబడి అంటే ఎదుటివాడికి కీడు చెయ్యడం. విక్కా వాళ్ళు నియమంగా చెప్పుకునేది ఒక్కటే, ఎవరికీ హాని చెయ్యనంతవరకు నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అని. ఆ నక్షత్రంలో నాలుగు కోణాలు భూమి, నీరు, నిప్పు, గాలి. ఐదోది ఆత్మ. ఈ ముక్క చెప్పండి, అమ్మగారు సగం చల్లబడతారు. ఆ నల్ల పిడి కత్తిని ఆథమే అంటారు. దానితో దేన్నీ కొయ్యరు. పూజ చేసే చోట చుట్టూ గాల్లో వలయం గీయడానికి వాడతారు, అంతే. కూరగాయలు తరగడానికి కూడా పనికిరాదు, చాలావాటికి పదునే ఉండదు. సైతాను సంగతంటారా, అది క్రైస్తవుల కథలో పాత్ర. వీళ్ళ కథలో ఆయనకి చోటే లేదు.

ఇక ఒకటేనా అన్న ప్రశ్న. కాదు. కానీ మీకు ఆ అనుమానం రావడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఈ రెండింటినీ ఇప్పుడున్న రూపానికి తెచ్చింది ఇద్దరు స్నేహితులు. నేనుండేది సెయింట్ ఆల్బన్స్‌లో. మా ఊరి నుంచి వాట్‌ఫర్డ్‌కి ఒక చిన్న రైలు నడుస్తుంది, దారిలో బ్రికెట్ వుడ్ అని ఒక స్టేషన్. ఆ చుట్టుపక్కల అడవిలో 1920ల చివరి నుంచి బట్టలు లేకుండా ఎండ కాచుకునే క్లబ్బులు ఉండేవి. నవ్వకండి, ఆ రోజుల్లో ఇక్కడ అదొక ఆరోగ్య ఉద్యమం. ఆ క్లబ్బులకి వచ్చేవాళ్ళలో ఒకాయన జెరాల్డ్ గార్డ్‌నర్, ఇంకొకాయన రాస్ నికల్స్. గార్డ్‌నర్ సిలోన్ తేయాకు తోటల్లో, ఆ తర్వాత మలయాలో కస్టమ్స్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మలయా కత్తుల మీద 1936లో పుస్తకం కూడా రాశాడు. కత్తుల పిచ్చి ఆయనకి మొదటి నుంచీ ఉందన్నమాట. నికల్స్ ఆయన కంటే పద్ధెనిమిదేళ్ళు చిన్న. కవి, లండన్‌లో ఒక ప్రైవేటు కాలేజీకి ప్రిన్సిపాల్.

గార్డ్‌నర్ చెప్పుకున్న కథ ఇది. దక్షిణ తీరాన న్యూ ఫారెస్ట్ దగ్గర పాతకాలపు మంత్రగత్తెల బృందం ఒకటి మిగిలి ఉంది, 1939 సెప్టెంబర్‌లో వాళ్ళు నాకు దీక్ష ఇచ్చారు అని. ఆ బృందం నిజంగా ఎంత పాతదన్నది చరిత్రకారులు ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నారు. (మనకి పనికొచ్చే చిన్న ముచ్చట. వాళ్ళని ఆయన కలుసుకున్నది క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో రోసిక్రూషియన్లనే ఆధ్యాత్మిక సంఘం వాళ్ళు నడిపే నాటకశాల ద్వారా. ఆ సంఘంలో మేబెల్ బెసంట్ స్కాట్ అనే ఆవిడ ఉండేది. మదనపల్లె బీటీ కాలేజీ పెట్టిన అనీ బెసంట్ కూతురే ఆవిడ.) మంత్రవిద్య మీద 1735 నాటి చట్టాన్ని 1951లో ఎత్తేశారు. 1954లో గార్డ్‌నర్ మంత్రవిద్య మీద తన పుస్తకం అచ్చు వేశాడు, విక్కా లోకానికి తెలిసింది అప్పుడే. ఆ రాతప్రతిని సరిదిద్దడంలో నికల్స్ చెయ్యి ఉందంటారు.

మీ ప్రశ్నకి సరిగ్గా సరిపోయే సంఘటన ఒకటి ఉంది. 1953 జూన్. డొరీన్ వాలియంటే అనే ఆవిడకి గార్డ్‌నర్ దీక్ష ఇచ్చాడు. తర్వాత విక్కాలో వాడే మంత్రభాగాల్ని చక్కటి కవిత్వంగా తిరగరాసింది ఈవిడే. ఆ దీక్ష జరిగింది ఆయన స్టోన్‌హెంజ్‌కి వెళ్తూ మధ్యలో ఆగిన చోట. ఎందుకు వెళ్తున్నాడు? అక్కడ డ్రూయిడ్ల క్రతువు, దానికి వాళ్ళకో కత్తి కావాలి. తన దగ్గరున్న పెద్ద కత్తిని అరువిస్తున్నాడు. హీల్ స్టోన్ అని ఒక రాయి ఉంటుంది, దాని సందులో ఆ కత్తి సరిగ్గా ఇమిడేదట. మంత్రగత్తెలకి గురువుగారు డ్రూయిడ్ల పండక్కి కత్తి మోసుకెళ్ళడం చూడండి! ఆయన స్వయంగా ఏన్షియంట్ డ్రూయిడ్ ఆర్డర్ అనే సంఘంలో సభ్యుడు. మీ ఇంటావిడ "అది వాళ్ళ సంబరం" అన్నారంటే అది ఇప్పటి లెక్క. వాళ్ళ పెద్దాయనకి అలాంటి పట్టింపేమీ లేదు.

ఎనిమిది పండగలు ఇద్దరికీ ఎలా వచ్చాయంటే, మొదట్లో ఎవరికీ ఎనిమిది లేవు. గార్డ్‌నర్ బృందానికి ముఖ్యమైనవి నాలుగు. అక్టోబర్ 31 రాత్రి సావిన్, ఫిబ్రవరి మొదట్లో ఇమ్‌బొల్క్, మే 1కి బెల్టేన్, ఆగస్టు 1కి లూనసా. ఇవి ఐరిష్ కాలెండర్‌లోని పశువుల, పంటల పండగలు. అటు డ్రూయిడ్ ఆర్డర్ వాళ్ళు సూర్యుడి లెక్కన చేసేవాళ్ళు. పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు లండన్‌లోని టవర్ హిల్ మీద, వేసవిలో పగలు అన్నిటికంటే పొడుగైన రోజు స్టోన్‌హెంజ్‌లో, శరద్ విషువత్తు ప్రిమ్‌రోజ్ హిల్ మీద. 1958లో గార్డ్‌నర్ బ్రికెట్ వుడ్ బృందం వాళ్ళు సూర్యుడి పండగల్ని కూడా మిగతా నాలుగింటితో సమానంగా చేద్దామని అడిగితే ఆయన సరేనన్నాడు. 1964లో డ్రూయిడ్ ఆర్డర్ పెద్ద చనిపోయాడు, కొత్త పెద్దని ఎన్నుకోవడంలో తేడాలొచ్చాయి, అందులోనే ఉన్న నికల్స్ బయటికొచ్చి ఆర్డర్ ఆఫ్ బార్డ్స్, ఓవేట్స్ అండ్ డ్రూయిడ్స్ అని సొంత సంఘం పెట్టాడు. పెడుతూనే ఎనిమిది పండగల్నీ పెట్టుకున్నాడు. అలా రెండిళ్ళలోనూ ఒకే కాలెండర్ వేలాడుతోంది. గార్డ్‌నర్ చనిపోయిందీ ఆ 1964లోనే, ఓడ ప్రయాణంలో. ట్యునీషియాలో పాతిపెట్టారు.

పేర్ల తేడా తర్వాత వచ్చిన గొడవ. లీథా, మేబన్ లాంటి పేర్లు 1970ల్లో ఒక అమెరికన్ విక్కన్ తగిలించాడు. ఆల్బన్ హెవిన్, ఆల్బన్ ఆర్థన్ లాంటివి వేల్స్ నుంచి వచ్చాయి. వాటి వెనక ఇంకో మహానుభావుడున్నాడు, ఆయన గురించి తర్వాత చెప్తాను.

ఇంత దగ్గరివాళ్ళయితే తేడా ఎక్కడుందంటారా? నన్నడిగితే గుమ్మం దగ్గర ఉంది. ఏ దేవుణ్ణి నమ్ముతావు అన్నదాని కంటే, లోపలికి ఎలా వెళ్తావు అన్నదే అసలు తేడా. గార్డ్‌నర్ దారిలో విక్కా అంటే గురుముఖంగా మంత్రోపదేశం తీసుకోవడం. డ్రూయిడ్రీ ఊరి భజన, చెప్పులు విడిచి వచ్చి కూర్చుంటే చాలు.

విక్కాలో బృందాన్ని కవెన్ అంటారు, పదమూడు మందికి మించకూడదన్నది పాత లెక్క. కొత్తవాళ్ళని ఏడాది మీద ఒక రోజు ఆగమనడం చాలా చోట్ల రివాజు. దీక్షప్పుడు కళ్ళకి గంతలు కడతారు, చేతులు తాడుతో కడతారు, రహస్యం బయటపెట్టనని ఒట్టు వేయిస్తారు. మగవాడికి ఆడమనిషి, ఆడమనిషికి మగవాడు దీక్ష ఇవ్వాలి. దీక్షలో మూడు మెట్లు. గురువు దగ్గరున్న పుస్తకాన్ని చేత్తో చూసి రాసుకోవాలి. పూజ రాత్రిపూట, ఎక్కువగా పున్నమికి. చంద్రుడి వైపు దేవత, కొమ్ములున్న దేవుడు, ఈ జంటే వాళ్ళకి కేంద్రం. పూజారిణి మీదికి ఆ దేవత వచ్చి మాట్లాడుతుందని నమ్ముతారు. దీక్ష తీసుకున్న ప్రతి ఒక్కరూ పూజారే, చూసేవాళ్ళంటూ ఉండరు. అందుకే మీ ఇంటావిడ మిమ్మల్ని పిలవలేకపోయారు. మీ మీద చిన్నచూపు కాదు, ఆవిడ వేసిన ఒట్టు అది.

డ్రూయిడ్రీలో బృందం పేరు గ్రోవ్, అంటే తోపు. అక్కడా మూడు దశలున్నాయి, బార్డ్, ఓవేట్, డ్రూయిడ్ అని. అయితే మొదటి దశలో నేర్చుకునేది పాట, పద్యం, కథ. నికల్స్ పోయాక కొన్నేళ్ళు మూతబడిన ఆ సంఘాన్ని 1988లో ఫిలిప్ కార్ గామ్ అనే ఆయన మళ్ళీ తెరిచాడు, కుర్రతనంలో నికల్స్ దగ్గర నేర్చుకున్నవాడు. తెరిచి, పాఠాల్ని పోస్టులో పంపడం మొదలుపెట్టాడు. ఒట్లు, గంతలు లేకుండా దేశదేశాల వాళ్ళు బార్డులయ్యారు.

మా పక్కింటావిడ ఆ సంఘంలో మనిషి. బహిరంగంగా చేసేవాటికి అప్పుడప్పుడు నన్నూ లాక్కెళ్తుంది. పట్టపగలు, పార్కులో చెట్ల మధ్య ఖాళీ చోట. తెల్ల అంగీలు వేసుకున్నవాళ్ళు నలుగురు, మిగతా అందరూ వాన కోట్లలో. మొదట ఒకావిడ నాలుగు దిక్కులకీ తిరిగి ఉత్తరాన శాంతి కలుగుగాక, దక్షిణాన శాంతి కలుగుగాక అంటుంది. శాంతి లేకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదట. తర్వాత అందరూ చేతులు పట్టుకుని 'అవెన్' అని మూడుసార్లు సాగదీసి పలుకుతారు. కవికి వచ్చే స్ఫూర్తి అన్నమాట, డ్రూయిడ్లకి అంతకు మించిన దైవం లేదనిపిస్తుంది నాకు. రొట్టె, తేనెతో చేసిన మద్యం చేతులు మారతాయి, తాగనివాళ్ళకి ఆపిల్ రసం. ఆ తర్వాత ఎవరికేది వస్తే అది చెప్పాలి. ఒక పెద్దాయన తన కుక్క మీద పద్యం చదివాడు, కుక్క అక్కడే ఉంది, దానికేం పట్టలేదు. నన్ను అడిగితే పోతన పద్యం ఒకటి అందుకున్నాను. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన నిలబడిన ఆవిడ ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. ఇదే మాట కవెన్ గురించి చెప్పలేం.

మిన్నెసోటా_మిరప:

పుల్లట్టు గారు ఇంగ్లండ్ సంగతి చెప్పేశారు కాబట్టి అమెరికా వైపు నుంచి కాస్త.

మా మినియాపోలిస్‌కి దక్షిణాన నార్త్‌ఫీల్డ్ అనే ఊళ్ళో కార్ల్‌టన్ కాలేజీ ఉంది. 1963లో అక్కడ విద్యార్థులు తప్పనిసరిగా ఏదో ఒక ప్రార్థనకి హాజరు వెయ్యాలనే రూల్ ఉండేది. కొంతమంది కుర్రాళ్ళు, సరే మేము డ్రూయిడ్లం, మా ప్రార్థన గుట్ట మీద, దానికీ హాజరు వెయ్యండి అని మొదలుపెట్టారు. రిఫార్మ్‌డ్ డ్రూయిడ్స్ ఆఫ్ నార్త్ అమెరికా అని పేరు. పూర్తిగా వేళాకోళం. వాళ్ళ తీర్థం పేరు జీవజలం, అందులో కలిపేది విస్కీ. 1964లో కాలేజీ ఆ రూల్ ఎత్తేసింది. తమాషా ఏంటంటే గెలిచాక కూడా వీళ్ళు మానలేదు! కొందరికి ఆ గుట్ట మీద కూర్చోవడం నిజంగానే నచ్చేసింది.

వాళ్ళ కాలిఫోర్నియా శాఖలోంచి ఐజాక్ బోన్‌విట్స్ అనే ఆయన వచ్చాడు. 1970లో బర్కిలీ యూనివర్సిటీ నుంచి మంత్రవిద్యలో బీఏ పట్టా తీసుకున్న మనిషి, జోక్ కాదు. 1983లో ఏడీఎఫ్ అని డ్రూయిడ్ సంఘం పెట్టాడు. ఇది నికల్స్ వాళ్ళ దారి కాదు. వీళ్ళు చాలామంది దేవుళ్ళకి ఆహుతులిస్తారు, నిప్పు తప్పనిసరి. కెల్టులే కాకుండా గ్రీకు, రోమన్, నార్స్ (స్కాండినేవియా), చివరికి వైదిక దేవతలు కూడా వాళ్ళ పరిధిలోకి వస్తారు. ఇంద్రుడికి స్వాహా అంటూ నెయ్యి పోసే అమెరికన్ డ్రూయిడ్ ఉండే అవకాశం ఉందండి.

విక్కా ఇక్కడ ఇంకా పెద్దది. కవెన్ దొరకనివాళ్ళు పుస్తకం చూసి ఒంటరిగా చేసుకోవడం 1980ల చివర నుంచి బాగా పెరిగింది, ఇప్పుడు ఎక్కువమంది అలాంటివాళ్ళే. కాబట్టి పుల్లట్టు గారు చెప్పిన గుమ్మం లెక్క ఇంగ్లండ్‌లో పాత కవెన్లకి సరిపోతుందేమో గానీ మా దగ్గర గుమ్మాలన్నీ తెరిచే ఉన్నాయి. ఇంకో మాట. ఆ నక్షత్రం గుర్తుని సైనికుల సమాధి రాళ్ళ మీద చెక్కడానికి అమెరికా ప్రభుత్వం 2007లో ఒప్పుకుంది, కోర్టు కేసు నడిచాక. ఘాటు గారు గమనించాలి.

పట్టిసీమ_పట్టుదల:

అందరూ కథలు బాగా చెప్తున్నారు గానీ అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. స్టోన్‌హెంజ్ కట్టింది డ్రూయిడ్లు కాదు. డ్రూయిడ్లు ఒక్క ముక్క రాసిపెట్టలేదు. విక్కా 1954 నాటి పుస్తకం. వేల ఏళ్ళ మతం అని చెప్పుకుంటూ డెబ్బై ఏళ్ళ సరుకు అమ్ముతున్నారు. ఫేక్ అనడానికి ఇంకేం కావాలి?

పుల్లట్టు:

మిరప గారూ, ఒంటరిగా చేసుకునే విక్కన్ల గురించి మీరన్నది నిజమే, ఇక్కడా ఇప్పుడు అలాంటివాళ్ళే ఎక్కువ. కానీ ఈ అమ్మాయి ఇంటావిడ "మా వాళ్ళతో" అన్నారు కాబట్టి నేను కవెన్ లెక్కన చెప్పాను.

పట్టుదల గారూ, మీరు చెప్పిన వాస్తవాలన్నీ కరెక్టే. స్టోన్‌హెంజ్‌లోని పెద్ద రాళ్ళు నిలబెట్టింది క్రీ.పూ. 2500 ప్రాంతంలో. డ్రూయిడ్ల ప్రస్తావన రాతల్లో కనబడేది దానికి రెండు వేల ఏళ్ళ తర్వాత. అది కూడా వాళ్ళ శత్రువుల రాతల్లో. ఇరవై ఏళ్ళు చదువుతారు, పవిత్రమైనదేదీ రాయరు, అంతా కంఠస్థమే అని జూలియస్ సీజర్ రాశాడు. ఆంగ్లెసీ దీవిలో వాళ్ళ తోపుల్ని రోమన్ సైన్యం నరికేసిన సంగతి టాసిటస్ రాశాడు. స్టోన్‌హెంజ్‌ని వాళ్ళకి గట్టిగా అంటగట్టింది విలియం స్ట్యూక్‌లీ అనే చర్చి ఫాదరీ, 1740లో.

ఇందాక చెప్తానన్న మహానుభావుడు ఇప్పుడొస్తాడు. పేరు ఎడ్వర్డ్ విలియమ్స్, కలం పేరు ఇయోలో మోర్గన్వ్. వేల్స్‌లో తాపీ పని చేసే మనిషి, రాళ్ళు చెక్కేవాడు. పాత వెల్ష్ సాహిత్యంలో అపారమైన పాండిత్యం, దానికి తోడు నల్లమందు ద్రావకం అలవాటు. 1792 జూన్‌లో లండన్ ప్రిమ్‌రోజ్ హిల్ మీద చిన్న రాళ్ళు గుండ్రంగా పేర్చి, ప్రాచీన కవుల సభ ఇదీ అని జరిపించేశాడు. ఆ రాళ్ళు జేబులో వేసుకుని తెచ్చాడంటారు. డ్రూయిడ్ల ప్రార్థన, మూడు కిరణాల గుర్తు, ఆల్బన్ పేర్లు అన్నీ పాత రాతప్రతుల్లో దొరికాయన్నాడు. ఆయన పోయిన చాలా కాలానికి గానీ అవి ఆయన సొంత రాతలని పండితులు తేల్చలేకపోయారు. అంత బాగా రాశాడు. విక్కాకి ఆ లోటు మార్గరెట్ మర్రే తీర్చింది. ఆవిడ ఈజిప్టు పురావస్తు పండితురాలు. యూరప్‌లో మంత్రగత్తెలన్న ముద్ర పడి చావుకి గురైనవాళ్ళంతా నిజానికి పాత మతం అనుచరులని 1921లో సిద్ధాంతం చేసింది. చరిత్రకారులు దాన్ని ఎప్పుడో కొట్టేశారు. గార్డ్‌నర్ మాత్రం దాని మీదే ఇల్లు కట్టుకున్నాడు.

ఇదంతా నేను పరిశోధించి కనిపెట్టలేదు. బ్రిస్టల్ యూనివర్సిటీ చరిత్ర ప్రొఫెసర్ రొనాల్డ్ హట్టన్ విక్కా మీద 1999లో, డ్రూయిడ్ల మీద 2009లో లావాటి పుస్తకాలు రాశాడు. ఆ పుస్తకాలు నేను మొదట చూసింది ఎక్కడో తెలుసా? మా పక్కింటి డ్రూయిడ్ అలమరలో. మీరు ఫేక్ అని బయటపెడుతున్న సంగతిని వాళ్ళు చదివి, అండర్‌లైన్ చేసుకుని పెట్టుకున్నారు. వేల ఏళ్ళ నాటిది అని బుకాయించే విక్కన్లు ఇంకా లేకపోలేదు, వాళ్ళ మీద నాకూ చిరాకే. ఆవిడని అడిగితే మాత్రం "ఇయోలో అబద్ధాలకోరు. కానీ మంచి కవి. మా మతానికి కవి చాలు" అంది. నాకు ఆ జవాబు నచ్చింది. మీకు నచ్చకపోవచ్చు.

ఇంకో సంగతి, డ్రూయిడ్ అని చెప్పుకునే ప్రతివాడూ ఈ మతం మనిషి కాదు. ఇయోలో మొదలుపెట్టిన ఆ సభే ఇప్పుడు వేల్స్ జాతీయ సాహిత్యోత్సవంలో గోర్సెద్ పేరుతో ఉంది. తెలుపు, నీలం, ఆకుపచ్చ అంగీలు, పెద్ద కత్తి. కత్తిని ఒరలోంచి సగం లాగి "శాంతి ఉందా?" అని వెల్ష్‌లో మూడుసార్లు అడుగుతారు. జనం మూడుసార్లూ "శాంతి" అని అరిచాకే కవికి సన్మానం. అది పూర్తిగా భాషా సేవ. 2002లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ (ఇంగ్లండ్ చర్చిలో పెద్ద బిషప్) కాబోతున్న రొవాన్ విలియమ్స్‌ని అందులో చేర్చుకుంటే, బిషప్ అన్యమతంలో కలిశాడని పేపర్లలో ఒకటే రభస. ఆయన తెల్ల అంగీ వేసుకుంది వెల్ష్ కవిత్వం కోసం. ఇవి కాక స్నేహితుల సంఘాల్లాంటి డ్రూయిడ్ లాడ్జిలున్నాయి, 1908లో చర్చిల్ చేరింది అలాంటిదాంట్లోనే. మీ ఆఫీసాయన ఏ రకమో ఒకసారి కనుక్కోండి.

రెడింగ్_పిల్ల:

అక్కా, అని పిలవొచ్చా? మీరు ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు.

ఆఫీసాయన్ని అడిగాను. మీరు చెప్పిన పోస్టు పాఠాల సంఘమేనట, బార్డ్ దశ అయిపోయి ఓవేట్‌లో ఉన్నాడు. ఇంటావిడని కత్తి గురించి అడిగితే నా చేతికే ఇచ్చారు, నిజంగానే పదును లేదు. 1953 కత్తి కథ చెప్తే తెగ సంబరపడిపోయారు, ఆ డొరీన్ గారంటే ఆవిడకి ప్రాణమట. అసలు మాట ఏంటంటే, వాళ్ళ కవెన్‌లో పెద్ద పూజారిణి కూడా ఇప్పుడు ఆ డ్రూయిడ్ పాఠాలే చదువుతోందట! రెండూ ఒకేసారి చెయ్యొచ్చా? ఎవరూ ఏమీ అనరా?

అమ్మకి నక్షత్రం సంగతి చెప్పాను. "భూమి, నీరు, నిప్పు, గాలి సరే, ఆకాశం ఏదీ?" అని అడిగింది. ఇప్పుడు భయం పోయి వాదన మొదలైంది.

అమ్మని స్టోన్‌హెంజ్‌కి తీసుకెళ్ళొచ్చంటారా?

పుల్లట్టు:

అక్కా అనే పిలువమ్మా.

రెండూ చెయ్యొచ్చు, చాలామంది చేస్తారు. కార్ గామ్ ఈ రెండింటినీ కలిపి ఒక పుస్తకమే రాశాడు. డ్రూయిడ్రీ వైపు నుంచి అసలు అడ్డే లేదు, ఆ పాఠాలు చదివేవాళ్ళలో క్రైస్తవులు, బౌద్ధులు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్ళు కూడా ఉంటారు. విక్కా వైపు ఒట్టు ఉంటుంది కాబట్టి కవెన్ సంగతులు గ్రోవ్‌లో మాట్లాడకూడదు, అంతవరకే. చిన్న లోకం కదా, ఒకళ్ళనొకళ్ళు కాదనుకుంటే ఎలా బతుకుతారు? 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి పేగన్ (ఇలాంటి మతాలన్నిటికీ కలిపి వాడే మాట) అని రాసుకున్నవాళ్ళు 74 వేలు, విక్కా అని విడిగా రాసుకున్నవాళ్ళు 13 వేలు. హిందువులమే పది లక్షలున్నాం.

ఒకళ్ళ మీద ఒకళ్ళు చెణుకులు మాత్రం వేసుకుంటారు. విక్కన్లని అడిగితే డ్రూయిడ్లు ఉపన్యాసాలు ఎక్కువిస్తారంటారు. మా పక్కింటావిడేమో విక్కన్ల పూజకి సామాను ఎక్కువ అంటుంది.

స్టోన్‌హెంజ్ మాటకొస్తే, నువ్వు వెళ్ళు, అమ్మగారి విషయం ఆలోచించు. 1985లో అక్కడికి వెళ్తున్న జనానికీ పోలీసులకీ పెద్ద కొట్లాట అయ్యాక చాలా ఏళ్ళు ఆ రోజు రాళ్ళ దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. 2000 నుంచి మళ్ళీ వదులుతున్నారు. టికెట్ లేదు, పార్కింగ్‌కి డబ్బు కట్టాలి. సాలిస్‌బరీ స్టేషన్ నుంచి బస్సులు వేస్తారు. వేలల్లో జనం ఉంటారు, అందులో డ్రూయిడ్లు కొద్దిమందే, మిగతా అంతా డప్పులు, ఫోన్లు. రాత్రంతా పచ్చిక మీద నిలబడాలి, సూర్యోదయం ఐదు లోపే అయిపోతుంది. జూన్ కదా అని పల్చటి చుడీదార్‌తో వెళ్ళకు, తెల్లారేసరికి వణికిపోతావు. మందు తేనివ్వరు, అది మాత్రం మంచిది.

అమ్మగారికి మోకాళ్ళ నొప్పులుంటే ఆ జాగారం వద్దు. ఆవిడని పగటిపూట ఏవ్‌బరీకి తీసుకెళ్ళు. స్టోన్‌హెంజ్ కంటే చాలా పెద్ద రాళ్ళ వలయం, మధ్యలో ఊరే ఉంది, రాళ్ళని చేత్తో ముట్టుకోవచ్చు. ఆ రోజుల్లో అక్కడా డ్రూయిడ్లు, విక్కన్లు ఇద్దరూ కనిపిస్తారు. మీ ఆఫీసాయన్నే అడుగు, దగ్గర్లో వాళ్ళ గ్రోవ్ బహిరంగంగా ఏదైనా చేస్తే చెప్పమని. వెళ్ళేటప్పుడు పంచుకోవడానికి తినేదేదైనా పట్టుకెళ్ళడం అక్కడ మర్యాద. గుడ్డు, మాంసం లేకుండా చెయ్యి, వాళ్ళలో శాకాహారులు ఎక్కువ. నేను పులిహోర పట్టుకెళ్తాను, కారం తగ్గించి. అమ్మగారిని పద్యమో పాటో ఒకటి సిద్ధం చేసుకోమను, అడగక మానరు.

గుంటూరు_ఘాటు:

పులిహోరలో కారం తగ్గించడమేంటండీ, దాన్ని మించిన క్షుద్రపూజ ఉందా?

సరే, ఇల్లు మారమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. రెడింగ్ గారూ, ఆ పక్క గది ఖాళీగా ఉంటే చెప్పండి. మా తమ్ముడు సెప్టెంబర్‌లో అక్కడికే మాస్టర్స్‌కి వస్తున్నాడు.